గ్రూప్స్ ప్రిపరేషన్ ఆపాలా, కొనసాగించాలా: ఎలా తేల్చుకోవాలి, ఆ తర్వాత ఏం చేయాలి

"ఇంకొక్క నోటిఫికేషన్ చూద్దామా, ఇక ఆపేద్దామా?" గ్రూప్స్ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలు) లాంటి వాటికి, ప్రభుత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. హైదరాబాదు అశోక్‌నగర్ రూముల్లో ఉన్నవాళ్లూ, అవనిగడ్డలో డీఎస్సీ (టీచర్ పోస్టుల పరీక్ష) కోచింగ్ తీసుకుంటున్నవాళ్లూ, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నవాళ్లూ, ఇంట్లోనే ఫోన్లో క్లాసులు వింటున్నవాళ్లూ అందరూ అడుగుతున్నారు. జవాబు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. తేల్చుకునే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. అందుకే ఒకేచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ నిర్ణయం మీ బదులు ఇంకెవరూ తీసుకోరు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పోలీసు లాంటి యూనిఫాం ఉద్యోగాలు కాని వాటికి గరిష్ఠ వయసు రెండేళ్ల కాలానికి 44 నుంచి 46కు పెంచారు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు అదనం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో జనరల్ అభ్యర్థులకు 42. అంటే ఇరవై మూడేళ్లకు మొదలుపెట్టిన మనిషికి తలుపు దాదాపు ఇరవై ఏళ్లపాటు తెరిచే ఉంటుంది. అర్హత ఉన్నంతకాలం రాస్తూనే ఉందాం అనుకుంటే ఆ అనుకోవడంలోనే వయసు గడిచిపోతుంది. ఎక్కడ ఆగాలో మీరే గీత గీసుకోవాలి.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

మూడేళ్లకు పైగా వేరే సంపాదన లేకుండా చదువుతున్నవాళ్లకు ఇది. చదువు మొదలుపెట్టి ఏడాది కూడా కాకపోతే మీకు అవసరం లేదు, చదువుకోండి. మెయిన్స్ (రెండో దశ పరీక్ష) రెండు మూడు నెలల్లో ఉంటే ముందు అది రాసి రండి. నిన్నో మొన్నో రిజల్ట్ వచ్చి పేరు లేకపోతే ఈ వారం ఏమీ తేల్చుకోకండి. కనీసం పదిహేను రోజులు ఆగి, కడుపునిండా తిని, నిద్ర సరిపడా పోయి, అప్పుడు కూర్చోండి.

ఇంకో హెచ్చరిక. "బతికి ఏం లాభం" లాంటి ఆలోచనలు వస్తుంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లకో, రూమ్మేట్‌కో కూడా అదే రోజు చెప్పండి.

కావలసినవి

- ఒక నోట్‌బుక్కు. ఫోన్లో రాసుకోవద్దు, నోటిఫికేషన్లు వస్తుంటే ఈ పని సాగదు.
- ఇప్పటిదాకా రాసిన పరీక్షల హాల్ టికెట్లు, మార్కుల వివరాలు, మీ కేటగిరీ కటాఫ్‌లు (ఎంపికకు కావలసిన కనీస మార్కులు).
- గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్.
- డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, కుల ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు. అన్నీ ఒకే ఫైల్లో.
- నిజం చెప్పే ఇద్దరు మనుషులు. వాళ్లలో ఒకరు ప్రిపరేషన్ ప్రపంచానికి బయటివాళ్లు అయివుండాలి.
- రెండు ఆదివారాలు.

1. రాసిన పరీక్షల లెక్క తీయండి

పేజీలో నాలుగు గీతలు కొట్టండి. పరీక్ష పేరు, సంవత్సరం, మీ మార్కులు, కటాఫ్‌కు ఎంత తక్కువ లేదా ఎక్కువ. ఫీజు కట్టి రాయని పరీక్షలు కూడా ఇందులో ఉండాలి. అవి చాలా చెబుతాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు మార్కులను మార్కులతో పోల్చడం. ఒక ఏడాది పేపర్ తేలిగ్గా వస్తుంది, ఇంకో ఏడాది కఠినంగా వస్తుంది. "పోయినసారి 78, ఈసారి 85, పెరిగాను" అనుకుంటారు, కానీ కటాఫ్ పదిహేను పెరిగి ఉంటుంది. చూడాల్సింది కటాఫ్‌కు మీకు మధ్య దూరం. అది పరీక్ష పరీక్షకూ తగ్గుతుంటే మీ చదువు పనిచేస్తోంది. మూడు పరీక్షల్లో ఒకేచోట ఆగిపోతే, మీరు చదివే పద్ధతితో ఇంకో ఏడాది చదివినా అక్కడే ఉంటారు. దూరం పెరుగుతుంటే అలసిపోయారని అర్థం.

పోటీ ఎంతో కూడా అదే పేజీలో రాసుకోండి. తెలంగాణ గ్రూప్-1లో 563 పోస్టులకు నాలుగు లక్షల మందికి పైగా అప్లై చేశారు. గ్రూప్-4లో ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది. వీళ్లలో సీరియస్‌గా చదివేవాళ్లు పదోవంతే అనుకున్నా, బాగా చదివినవాళ్లలోనే ఎక్కువమందికి రాదు. రాకపోవడం మీ తెలివితక్కువతనం కాదని చెప్పడానికే ఈ అంకెలు.

2. డబ్బు లెక్క

రూమ్ అద్దె, మెస్ బిల్లు ఇందులో కలపకండి, ఉద్యోగం చేసినా అవి ఉంటాయి. కోచింగ్, టెస్ట్ సిరీస్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ప్రయాణాలు మాత్రం కలపండి. దానికి మీరు వదులుకుంటున్న జీతం కలపండి. మీ చదువుకు మీ ఊళ్లో నెలకు 18,000 వస్తుందనుకుందాం, ఏడాదికి 2,16,000. కోచింగ్ వగైరా 30,000 అయితే మొత్తం 2,46,000. ఇంకో ఏడాది చదవడానికి మీరు కడుతున్న ధర అది.

పాత ఏళ్ల ఖర్చు మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. "ఇప్పటికే ఐదేళ్లు పెట్టాను, ఇప్పుడెలా వదిలేది" అనే మాటే మనుషుల్ని ఆరో ఏడాదిలోకి తోస్తుంది. ఆ ఐదేళ్లు ఆపినా తిరిగి రావు, కొనసాగించినా తిరిగి రావు. రాబోయే ఏడాది మాత్రమే మీ చేతిలో ఉంది.

3. మీకు కావలసింది పోస్టా, పోస్టులో ఉన్న ఇంకేదైనానా

ఈ స్టెప్పు ఎవరూ సరిగా చేయరు. అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఒక ఆదివారం మొత్తం దీనికే ఇవ్వండి.

"నాకు ప్రభుత్వ ఉద్యోగం కావాలి" అనే మాటలో చాలా కోరికలు కలిసి ఉంటాయి. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం, ఊళ్లో గౌరవం, మంచి సంబంధం, నాన్న కళ్లలో సంతోషం, పదిమందికి పనిచేసి పెట్టాలనే తపన, కులం పేరుతోనో పేదరికం పేరుతోనో మనల్ని చిన్నచూపు చూసినవాళ్ల ముందు తలెత్తుకుని నిలబడటం. ఇవన్నీ న్యాయమైన కోరికలే. ఒక్కొక్కటీ ఒక్కో లైనులో రాసి, ఎదురుగా రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇది నాకు నిజంగా ఎంత ముఖ్యం? పోస్టు లేకుండా ఇందులో ఎంత భాగం దొరుకుతుంది?

తర్వాత కుర్చీలోంచి లేవండి. మీరు కోరుకుంటున్న ఉద్యోగం ఎక్కడ జరుగుతుందో అక్కడికి వెళ్లి చూడండి. తహసీల్దార్ ఆఫీసులోనో, మున్సిపల్ ఆఫీసులోనో ఒక ఉదయం గడపండి. తెలిసినవాళ్ల ద్వారా ఒక జూనియర్ అసిస్టెంట్‌తోనో పంచాయతీ కార్యదర్శితోనో అరగంట మాట్లాడండి. "ఉద్యోగం ఎలా ఉంది" అని అడిగితే అందరూ "బాగుంది" అంటారు. అలా కాకుండా, "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేశారు?" అని అడగండి. ఏళ్లు ధారపోసి, చివరికి దొరికిన పనిని ఇష్టపడనివాళ్లు ఉన్నారు. ఆ పని చూసి ఇంకా గట్టిగా పట్టుదల పెంచుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ మంచి ఫలితాలే. ఏది మీదో తెలియాలి.

సేవ చేయాలన్నదే మీ మొదటి లైను అయితే, అది ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. మీకు ఇప్పటికే పాలిటీ తెలుసు, ప్రభుత్వ పథకాలు తెలుసు, అప్లికేషన్ ఎలా నింపాలో తెలుసు. మీ ఊళ్లో పింఛను ఆగిపోయిన ముసలమ్మకు అర్జీ రాసిపెట్టడానికి ఏ కమిషన్ అనుమతీ అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలకు మించని ఫీజుతో ఎవరైనా వేయవచ్చు. వారానికి ఒక రోజు ఈ పని చేసి చూడండి. అందులో తృప్తి దొరికితే మీకు కావలసింది ఏమిటో స్పష్టమవుతుంది. అలాంటివాళ్లు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ గురించి గట్టిగా ఆలోచించాలని నా అభిప్రాయం. దాని ప్రవేశ పరీక్ష లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, కనీస మార్కులతో డిగ్రీ ఉంటే చాలు, మీరు చదివిన రాజ్యాంగం అక్కడ అక్షరాలా పనికొస్తుంది.

4. మూడింటిలో ఒకటి ఎంచుకుని, తేదీతో రాయండి

అ) పూర్తిగా ఆపడం.
ఆ) ఉద్యోగం చేస్తూ ఒకే ఒక్క పరీక్షకు చదవడం.
ఇ) చివరిసారి ఫుల్‌టైమ్‌గా రాయడం.

దూరం తగ్గుతున్నవాళ్లు, ఇంట్లో ఏడాదికి సరిపడా డబ్బున్నవాళ్లు (ఇ) తీసుకోవచ్చు. దూరం అక్కడే ఆగినవాళ్లకు (ఆ) మంచిది. మూడో స్టెప్పులో పోస్టు తప్ప మిగతావన్నీ బయట దొరుకుతాయని తేలినవాళ్లు (అ)కు భయపడకండి.

ఏది ఎంచుకున్నా పక్కన క్యాలెండర్ తేదీ ఉండాలి. "తర్వాతి నోటిఫికేషన్ దాకా" అనేది తేదీ కాదు. ఎందుకో తెలంగాణ గ్రూప్-1 చూస్తే అర్థమవుతుంది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ (తొలి దశ పరీక్ష) జరిగింది. పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరులో. "ఈ ఒక్క నోటిఫికేషన్ చూసి ఆపేస్తా" అని 2022లో అనుకున్నవాళ్లకు దాదాపు మూడున్నరేళ్లు పట్టింది. అందులో వాళ్ల తప్పు ఏమీ లేదు. కానీ పోయిన కాలం వాళ్లదే.

కాబట్టి ఇలా రాయండి: "వచ్చే సంవత్సరం జూన్ 30 తర్వాత నేను ఫుల్‌టైమ్‌గా చదవను. పరీక్ష వాయిదా పడినా, కొత్త నోటిఫికేషన్ వచ్చినా ఈ తేదీ మారదు." కింద సంతకం చేసి, ఫోటో తీసి, ముందు చెప్పిన ఇద్దరికీ పంపండి. తేదీ దాటాక పరీక్ష రాయకూడదని కాదు. ఉద్యోగం చేస్తూ వెళ్లి రాయవచ్చు.

ఒక జాగ్రత్త: గ్రూప్స్ వయసు ఉంది కదా అని మిగతా తలుపులు మర్చిపోకండి. బ్యాంకు ఉద్యోగాల్లో జనరల్ అభ్యర్థికి ఐబీపీఎస్ క్లర్క్ వయసు 28తో, పీఓ (ఆఫీసర్ పోస్టు) 30తో అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో చాలా పోస్టులకు 30, కొన్నిటికి 27, ఇంకొన్నిటికి 32. ఇరవై ఏడేళ్లు ఉన్నవాళ్లు (ఇ) ఎంచుకుంటే ముందు మూసుకుపోయే పరీక్షే ముందు రాయాలి.

5. ఆపకముందే మొదటి జీతం వెతకండి

చదువు ఆపేసి, రూమ్ ఖాళీ చేసి, ఊరెళ్లి, అప్పుడు ఉద్యోగం వెతకడం చాలా కష్టం. చేతిలో పని లేని ఆ రెండు మూడు నెలల్లోనే టెన్షన్ పెరిగి, మనసు మళ్లీ పాత పుస్తకాల వైపు లాగుతుంది. మీ తేదీకి రెండు నెలల ముందు నుంచి రోజుకు రెండు గంటలు ఉద్యోగం వెతకడానికి కేటాయించండి.

రెజ్యూమేలో ఖాళీ ఏళ్లు దాచవద్దు. "2021–2025: రాష్ట్ర సర్వీస్ పరీక్షలకు చదివాను, ఫలానా ఏడాది ప్రిలిమ్స్ అర్హత సాధించాను" అని ఒక లైను చాలు. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పి, "ఇప్పుడు ఆపేశాను" అని స్పష్టంగా అనండి. ఎదుటివాళ్ల భయం ఒక్కటే: నోటిఫికేషన్ రాగానే వదిలేసి పోతారేమోనని.

డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. కంపెనీలు పీఎఫ్ రికార్డు చూస్తాయి, పని చేయని కంపెనీ అందులో కనబడదు. దొరికితే ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. "బ్యాక్‌డోర్‌లో గవర్నమెంట్ జాబ్" అని లక్షలు అడిగేవాడు నూటికి నూరుపాళ్లు మోసగాడు. అలసిపోయి ఉన్నప్పుడే ఈ మాటలు నమ్మాలనిపిస్తుంది, అందుకే చెబుతున్నాను.

ఎక్కడ వెతకాలి? మీ బలాన్ని బట్టి:

- సబ్జెక్టు బాగా చెప్పగలిగితే స్కూళ్లు, కోచింగ్ సెంటర్లు, టెస్ట్ సిరీస్‌లకు ప్రశ్నలు తయారుచేసే పని. బీఈడీ ఉంటే టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రాసి పెట్టుకోండి, ఆ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది.
- బీకామ్ వాళ్లు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుని ఆడిటర్ ఆఫీసులో చేరవచ్చు. జీతం తక్కువతో మొదలవుతుంది, పని మాత్రం చేతికి వస్తుంది.
- సొంతంగా ఏదైనా పెట్టాలంటే ముందు మీ జిల్లాలోని ఆర్‌సెటీలో అడగండి. బ్యాంకులు నడిపే శిక్షణ సంస్థలివి. గ్రామీణ యువతకు శిక్షణ, భోజనం, వసతి ఉచితం. అప్పు చేసి వ్యాపారం పెట్టడం మాత్రం మొదటి ఆరు నెలల్లో వద్దు.
- యూపీఎస్సీ ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు ప్రతిభా సేతు పోర్టల్ చూడండి. తుది జాబితాలో పేరు రాని అభ్యర్థుల్లో సమ్మతించినవారి వివరాలు అక్కడ సంస్థలకు అందుతాయి.

మొదటి ఉద్యోగం గొప్పది కానక్కర్లేదు. ఏడాదిలో మారవచ్చు. ఉదయం లేచి వెళ్లడానికి ఒక చోటు, నెలాఖరుకు మీ పేరు మీద పడే డబ్బు, ఈ రెండూ ఉంటే చాలు.

6. ఇంట్లో చెప్పడం

ఫోన్లో చెప్పకండి. పండక్కి చుట్టాలంతా ఉన్నప్పుడు అసలే వద్దు. మామూలు రోజు చూసి ఊరెళ్లండి. అమ్మతో ముందు మాట్లాడితే తేలికయ్యే ఇళ్లు ఉంటాయి, పెళ్లయినవాళ్లు భార్యకో భర్తకో అందరికంటే ముందు చెప్పాలి.

నాన్నకు కావలసింది మీ బాధ వివరాలు కాదు, తర్వాత ఏమిటన్నది. ఇలా అనవచ్చు: "నాన్నా, నాలుగేళ్లు నన్ను నమ్మి చదివించారు. రాసిన పరీక్షలు, మార్కులు ఇవీ. జూన్ 30తో కూర్చుని చదవడం ఆపుతున్నాను. జూలై నుంచి ఫలానా చోట పనికి వెళ్తాను. నెలకు ఇంత వస్తుంది, అందులో ఇంత ఇంటికి పంపుతాను." నోట్‌బుక్కు ఆయన చేతిలో పెట్టండి. కోపం వస్తే రానివ్వండి, ఆ రోజే ఒప్పించాలని చూడకండి. "ఊళ్లో ఏమని చెప్పాలిరా" అని అడిగితే, చెప్పడానికి ఒక మాట ఇవ్వండి: "హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు." అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. చాలా ఇళ్లలో ప్రిపరేషనే పెళ్లిని వాయిదా వేసే ఏకైక కారణం. "ఆపేశాను" అన్న మర్నాడే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆ భయంతోనే మనసులేని చదువును సాగదీస్తున్న అమ్మాయిలు నాకు తెలుసు. మీరు ఆర్డర్ మార్చండి: ముందు ఉద్యోగంలో చేరండి, చేరిన కాగితం చేతికి వచ్చాక ఇంట్లో చెప్పండి. పెళ్లి ఎప్పుడన్నది వేరే రోజు వేరే సంభాషణ. రెండూ ఒకేసారి మాట్లాడితే రెండూ చేజారతాయి.

7. మొదటి తొంభై రోజులు

టెలిగ్రామ్ గ్రూపులన్నిటి నుంచీ బయటికి రండి. కరెంట్ అఫైర్స్ ఛానళ్లు ఆపేయండి. పుస్తకాలు మీ ఊరి లైబ్రరీకో, కొత్తగా చదువుతున్న పిల్లలకో ఇచ్చేయండి. (ఆ) ఎంచుకున్నవాళ్లు ఆ ఒక్క పరీక్షకు కావలసినవి మాత్రం ఉంచుకోండి. రూమ్మేట్లతో స్నేహం వదులుకోవద్దు, రూమ్ మాత్రం మారండి. చదివేవాళ్ల మధ్య ఉంటూ ఉద్యోగానికి వెళ్లడం మనసును రోజూ రెండు ముక్కలు చేస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

(ఆ) ఎంచుకుని మూడు పరీక్షలకు ఫీజు కట్టడం. ఉద్యోగం చేస్తూ రోజుకు రెండు మూడు గంటలకు మించి దొరకదు, అది ఒక్క సిలబస్‌కే బొటాబొటి.

తోటివాడికి ఉద్యోగం వచ్చిందని తెలిసి తేదీ మార్చేయడం. అతని కటాఫ్ దూరం వేరు, మీది వేరు. మొదటి స్టెప్పు పేజీ తీసి మళ్లీ చూడండి.

కొత్త ఉద్యోగం నచ్చలేదని పాత చదువుకు వెళ్లిపోవడం. ఉద్యోగం నచ్చకపోతే ఉద్యోగం మారాలి. అది ప్రిపరేషన్‌కు తిరిగి వెళ్లడానికి కారణం కాదు.

నిర్ణయం సరిగా కుదిరిందో లేదో చూసుకోవడం

తొంభై రోజుల తర్వాత అదే నోట్‌బుక్కు తీయండి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనీసం రెండు నెలల జీతం పడిందా? మూడో స్టెప్పులో రాసిన కోరికల్లో ఎన్నిటికి ఇప్పుడు కొంతైనా జవాబు దొరికింది? కొత్త నోటిఫికేషన్ వార్త చూసినప్పుడు ఎంతసేపు మనసు పాడైంది, అరగంటా, వారమా? ఎవరైనా "ఏం చేస్తున్నావ్?" అంటే ఒక్క వాక్యంలో చెప్పి వేరే మాటలోకి వెళ్లగలుగుతున్నారా? నిద్ర పడుతోందా?

అయిదింటిలో మూడిటికి మంచి జవాబు వస్తే అలాగే సాగండి, ఆరు నెలలకు ఇంకోసారి చూసుకోండి. రెండు లేదా అంతకంటే తక్కువ వస్తే మూడో స్టెప్పుకు వెళ్లండి. అక్కడ ఏదో ఒక లైను నిజాయితీగా రాసి ఉండరు, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. నిద్ర ఒక్కటే పట్టకపోతే మాత్రం లెక్కలు వదిలి డాక్టర్‌ను కలవండి.

(ఇ) ఎంచుకున్నవాళ్లు తొంభై రోజులు ఆగకండి. ప్రతి నెలా చివరి ఆదివారం ఒక పూర్తి మాక్ టెస్ట్ పరీక్ష సమయానికే రాసి, పాత కటాఫ్‌తో దూరం చూసుకోండి. వరసగా మూడు నెలలు దూరం తగ్గకపోతే తేదీ కోసం కూడా చూడక్కర్లేదు. ఐదో స్టెప్పు ఆ సోమవారం నుంచే మొదలుపెట్టండి.